గోల్ఫ్ కార్టు డిఫరెన్షియల్‌కి వెల్డింగ్ కొట్టించాను

కవిటి దగ్గర కొబ్బరి తోటలో గోల్ఫ్ కార్టు తిరుగుతుందంటే నవ్వేవాళ్లు ఇంకా ఉన్నారు, నవ్వండి. నాన్నకి మోకాళ్లు రెండూ అరిగిపోయాయి. నాలుగెకరాలు నడవలేడు, అలాగని తోటకి వెళ్లొద్దంటే వినడు. తిత్లీ తుపానుకి సగం చెట్లు పోయాక 2019లో ఆయన చేత్తో పెట్టిన మొక్కలు ఇప్పుడు కాపుకొస్తున్నాయి, వాటిని రోజూ చూసుకోకపోతే నిద్రపట్టదు. అందుకని ఒక రిసార్టు వాళ్లు వదిలించుకుంటున్న పాత ఎలక్ట్రిక్ బండిని విశాఖ నుంచి మినీ వ్యాన్ మీద తెప్పించాను. 48 వోల్టులది, 8 వోల్టుల బ్యాటరీలు ఆరు. వెనక సీటు పీకేసి చెక్క తొట్టి బిగించాం.

మొదటి రోజే కూరుకుపోయింది. ఉద్దానం నేల తెలిసినవాళ్లకి చెప్పక్కర్లేదు, పైన గడ్డి కనిపిస్తుంది గాని కింద అంతా ఇసుకే. వంద కాయలేసుకుని పాక వైపు వస్తుంటే కుడి వెనక చక్రం గిర్రున తిరుగుతూ తన గొయ్యి తనే తవ్వుకుంటోంది. ఎడమ చక్రం మాత్రం కదల్లేదు, దాని టైరుకి అంటుకున్న కొబ్బరి పీచు పోగు కూడా ఊగలేదు. నాన్న దిగి, నడుం మీద చేతులేసుకుని కాసేపు చూశాడు.

"ఏట్రా ఇది, ఒకటే తిరుగుతంది, రెండోది సూస్తూ కూకుంది? ట్రాక్టరుకి కాలి కింద లాకుంటాది గదా, దీనికి నేదా?"

లేదు. ఆయన అడిగింది డిఫరెన్షియల్ లాక్ గురించి. డిఫరెన్షియల్ అంటే వెనక ఇరుసు మధ్యలో ఉండే గేర్ల గుత్తి, రెండు చక్రాలూ వేర్వేరు వేగంతో తిరిగేలా చేసేది అదే, లాక్ దాన్ని ఆపేస్తుంది. దమ్ము చేసేటప్పుడు ట్రాక్టర్ చక్రం ఒకటి బురదలో జారితే మడమతో ఆ పెడల్ నొక్కుతాం, రెండు చక్రాలూ కలిసి తిరుగుతాయి, బయటికొచ్చాక కాలు తీసేస్తాం. గోల్ఫ్ మైదానం గడ్డి మీద తిరిగే బండికి అది ఎవరు పెడతారు?

ఇలాంటప్పుడు పవరంతా జారే చక్రానికే పోతోందని అనుకుంటాం, నేనూ అలాగే అనుకునేవాణ్ణి. అసలు సంగతి వేరు. మామూలు డిఫరెన్షియల్ రెండు చక్రాలకీ ఎప్పుడూ దాదాపు సమానంగానే బలం పంచుతుంది, చిక్కంతా అక్కడే ఉంది. వదులు ఇసుకలో ఉన్న చక్రం తిరగడానికి చిటికెడు బలం చాలు కాబట్టి గట్టి నేల మీదున్న రెండో చక్రానికి కూడా ఆ చిటికెడే అందుతుంది, అది బండిని లాగడానికి చాలదు. పెడల్ ఎంత తొక్కితే గొయ్యి అంత లోతవుతుంది, అంతే.

అయినా డిఫరెన్షియల్‌ని తిట్టి లాభం లేదు, మలుపు కోసమే అది పుట్టింది. ఎడ్లబండికి ఈ గొడవ లేదు, ఇరుసు కదలకుండా ఉంటుంది, చక్రాలు దేనికది దాని మీద తిరుగుతాయి. ఇరుసునే తిప్పి బండి నడపాలనుకున్నప్పుడు వచ్చింది తంటా. 1827లో ఫ్రాన్స్‌లో పెకూర్ అనే ఆయన ఆవిరి బండి కోసం దీనికి పేటెంట్ తీసుకున్నాడు. మా బండికి వెనక చక్రాల మధ్య దూరం మీటరుంటుంది. ఒక పూర్తి చుట్టు తిరిగితే, చిన్న చుట్టయినా పెద్ద చుట్టయినా, బయటి చక్రం లోపలి దానికంటే 6 మీటర్ల పైచిలుకు ఎక్కువ నడవాలి. ఈ 6 మీటర్ల లెక్క నాకు ముందే తెలుసు, ఇసుకలో ఎలాగూ జారుతుందిలే అనుకుని పక్కన పెట్టేశాను.

లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ అని ఒకటుంది, లోపల క్లచ్ ప్లేట్లుంటాయి, జారే చక్రాన్ని అవి కొంత పట్టి ఉంచి రెండోదానికి బలం మళ్లిస్తాయి, మలుపులో మాత్రం వదిలేస్తాయి. ఇలాంటి బండ్లకి అమెరికాలో దొరుకుతుంది. షిప్పింగ్, కస్టమ్స్ కలిపి లెక్కేస్తే బండి కొన్న ధరకి దగ్గరగా వచ్చింది, ఫోన్ పక్కన పడేశాను. లోపలి గేర్ల వెనక వాషర్లు మందం చేసి బిగువు పెంచే పద్ధతీ ఉంది గాని అవి అరిగితే మళ్లీ మొదటికే వస్తుంది. మిగిలింది వెల్డింగ్: లోపలి గేర్లని ఒకదానికొకటి అతికేస్తే రెండు చక్రాలూ ఎప్పటికీ ఒక్కటే.

విప్పడం అనుకున్నంత కష్టం కాదు. ముందు బ్యాటరీ మెయిన్ తీగ తీసేయండి, ఉంగరం, వాచీ కూడా తీసేయండి, 48 వోల్టులే కదా అని పానా అడ్డంగా పడేస్తే ఏమవుతుందో నేను ఒకసారి చూశాను, ఆ పానాకి ఇప్పటికీ మచ్చ ఉంది. జాకీ పెట్టి, కింద స్టాండ్లు పెట్టి, చక్రాలు, బ్రేక్ డ్రమ్ములు తీస్తే ఇరుసులు రెండు వైపులా బయటికొస్తాయి. తర్వాత మోటారు. చేతిలో పట్టుకుని దించుదామనుకోవద్దు, కింద దిమ్మ పెట్టండి. లారీలో లాగా పీనియన్ అనే చిన్న గేరు అడ్డంగా వచ్చి క్రౌన్ అనే పెద్ద గేరుని కలవడం దీంట్లో లేదు, మోటారు ఇరుసుకి సమాంతరంగానే కూర్చుంటుంది కాబట్టి మళ్లీ బిగించేటప్పుడు క్రౌన్, పీనియన్ సెట్టింగ్ బెడద కూడా తప్పింది. గేర్ల పెట్టె రెండు ముక్కలు విడదీస్తే నల్లటి నూనెలో అరచేతిలో పట్టేంత గుత్తి, నడుమ అడ్డంగా ఒక పిన్ను, దాని మీద రెండు స్టార్ పీనియన్లు, అటూ ఇటూ ఇరుసుల్ని పట్టుకునే రెండు గేర్లు. ఎడమ గేరు చేత్తో తిప్పితే కుడిది వెనక్కి తిరుగుతుంది. పది నిమిషాలు అలా తిప్పుతూ కూర్చున్నాను. ఇంత ముచ్చటైన దాన్ని అతికేస్తున్నందుకు కొంచెం బాధేసింది కూడా.

తప్పు చేసింది ఇక్కడే. ఊళ్లో గేట్లు, కిటికీ గ్రిల్స్ చేసే షెడ్డుకి తీసుకెళ్లాను. అతను నాలుగు చోట్ల చకచకా కొట్టేసి యాభై రూపాయలు తీసుకున్నాడు, పని పావుగంటలో అయిపోయింది. మూడు వారాలు బండి ఏనుగులా నడిచింది, నేనూ అందరికీ చెప్పుకుని తిరిగాను. నాలుగో వారం తొట్టి నిండా కాయలతో గట్టు ఎక్కుతుంటే వెనకనుంచి 'టక్' అని ఒక్క చప్పుడు, బండి ఆగిపోయింది, పాత చక్రం పాత పద్ధతిలో తిరగడం మొదలుపెట్టింది. నూనె తీసి అయస్కాంతం ముంచితే కందిగింజంత ముక్కలు మూడు అంటుకున్నాయి. అవి పళ్ల మధ్య నలగకపోవడం నా అదృష్టం.

సోంపేటలో ట్రాక్టర్లు చూసే బాబాయ్ దగ్గరికి వెళ్లాను. అతుకు మీద గోరుతో గీరి చూశాడు.

"గేటుకి కొట్టినట్టు కొట్టేసినాడు. గేరు ఉక్కు వేరు బాబూ."

గేరు పళ్లకి పైన గట్టిపరిచిన పొర ఉంటుంది. చల్లగా ఉన్నప్పుడు దాని మీద వెల్డింగ్ కొడితే చుట్టూ ఉన్న ఉక్కు ఆ వేడిని ఒక్కసారిగా లాగేసుకుంటుంది, అతుకు పక్కన భాగం గాజులా పెళుసెక్కిపోతుంది. బాబాయ్ ముందు బేరింగులు లాగేశాడు. పాత అతుకు గ్రైండర్‌తో తీసేసి, పెట్రోలుతో రెండుసార్లు కడిగి, పూర్తిగా ఆరాక గ్యాస్ మంటతో మొత్తం గుత్తిని వేడి చేశాడు, నీటిబొట్టు వేస్తే నిలవకుండా ఎగిరిపోయేంత. ఎండబెట్టిన 7018 రకం వెల్డింగ్ రాడ్లతో కొంచెం కొంచెంగా, ఒకసారి ఈ పక్క, ఒకసారి ఆ పక్క కొట్టాడు. మధ్యలో రెండుసార్లు ఇరుసు చివర గాడుల్లో దూర్చి చూశాడు, వంకరపోతే ఇరుసు ఎక్కదు కదా. అయ్యాక పొడి బూడిదలో పూడ్చిపెట్టి, "రేపు రా" అన్నాడు. నాకు నచ్చింది ఆ "రేపు రా".

ఇది విరగలేదు. ఏడు నెలలైంది, వర్షాకాలం కూడా గడిచింది. ఇసుకలో రెండు చక్రాల జాడలూ ఒకే లోతులో పడుతున్నాయి.

ఇప్పుడు అసలు విషయం. మా వీధి సిమెంటు రోడ్డు. లాక్ చేసిన బండి సిమెంటు మీద మలుపు తిరగదు, తిరిగినట్టు నటిస్తుంది. స్టీరింగ్ తిప్పుతాం, ముందు చక్రాలు తిరుగుతాయి, వెనకవి రెండూ తిన్నగా తోస్తాయి, టైర్లు కీచుమంటాయి, ఆ 6 మీటర్ల తేడా అంతా టైరు రబ్బరులోంచీ ఇరుసులోంచీ వసూలవుతుంది. పైగా ఒక చక్రానికే పట్టు దొరికినప్పుడు మోటారు బలం మొత్తం ఆ ఒక్క ఇరుసు మీదే పడుతుంది, ముందు అలా కాదు, సగానికి మించి వెళ్లేది కాదు. మొదటి వారంలోనే నాన్న సందులోకి తిప్పబోయి తిన్నగా పక్కింటివాళ్ల పీచు కుప్పలోకి వెళ్లి ఆగాడు. దెబ్బ తగల్లేదు, ఆయన మీద దుమ్ము, నా మీద తిట్లు.

ఇంకో మాట, కొంచెం సిగ్గుగానే చెప్తున్నాను. టైర్లలో గాలి సగానికి దించి చూడమని బాబాయ్ చెప్పాడు, అదీ వెల్డింగ్ అయ్యాక. దించితే టైరు పరుచుకుని ఇసుక మీద తేలినట్టు పోతోంది. నున్నటి గోల్ఫ్ టైర్లు మార్చి గళ్ల టైర్లు వేసి, గాలి దించి ఉంటే నా పనిలో ముప్పాతిక వంతు అయిపోయేదని ఇప్పుడు నా నమ్మకం. రోడ్డెక్కే బండి అయితే మాత్రం వెల్డింగ్ జోలికి పోకండి, డబ్బు కూడబెట్టి లిమిటెడ్ స్లిప్ తెప్పించుకోండి, లేదా ఇసుకలో ఇద్దరు మనుషుల్ని తోయమనండి.

నేను మళ్లీ విప్పి అతకని వేరే గేర్లు వేయిస్తానంటే నాన్న ఒప్పుకోవట్లేదు, కాయలు పాకకి చేరుతున్నాయి కదా అంటాడు. రోడ్డు మీదికి మాత్రం తీయడు. సాయంత్రం ఐదయ్యేసరికి బండిని గేటు లోపల జీడి చెట్టు నీడన పెట్టేసి, గట్టు మీద కూర్చుని, టీ కొట్టు వైపు వెళ్లే మోటార్‌సైకిళ్లకి చెయ్యెత్తుతున్నాడు.