టెక్కలి క్వారీలో వచ్చిన 100-3

టెక్కలి దగ్గర ఒక గ్రానైట్ క్వారీలో బ్రేకర్ బిగించిన పొక్లెయిన్ ఒకటి రెండు వారాలుగా సరిగా పని చేయడం లేదని నాకు కబురు వచ్చింది. బండ మీద బ్రేకర్ ఆనించి నాలుగు దెబ్బలు వేయగానే మానిటర్ మీద పసుపు దీపం వెలుగుతున్నదనీ, ఆయిల్ ప్రెషర్ అన్న మాట చూసి ఆపరేటర్ భయపడి ఇంజన్ ఆపేస్తున్నాడనీ, సెన్సర్ రెండుసార్లు మార్చినా అదే కోడు మళ్లీ వస్తున్నదనీ ఓనరుగారు ఫోనులో చెప్పారు. “ఇంజన్ విప్పించీమంటారేటి బాబూ?” అని ఆయన అడిగినప్పుడు, కోడులో గీత తరువాత ఉన్న అంకె ఏమిటో ఒక్కసారి చూసి చెప్పమన్నాను. 100-3 అని చెప్పారు. అయితే ఒక్క బోల్టు కూడా విప్పవద్దని చెప్పి బయలుదేరాను.

ఆ రెండో అంకెను మన వాళ్లలో చాలామంది చదవరు. పెద్ద మెషిన్ల కంప్యూటర్లు వాడే జె1939 అనే ప్రమాణ పద్ధతిలో మొదటి సంఖ్యను ఎస్‌పీఎన్ అంటారు, అది ఏ కొలత గురించిన ఫిర్యాదో చెబుతుంది: 100 అంటే ఇంజన్ ఆయిల్ ప్రెషర్, 110 అంటే కూలెంట్ వేడి, 168 అంటే బ్యాటరీ వోల్టేజీ. రెండోది ఎఫ్‌ఎమ్‌ఐ, అంటే ఆ ఫిర్యాదు ఎలాంటిదో చెప్పే అంకె. 100-1 వస్తే ఆయిల్ ప్రెషర్ నిజంగానే ప్రమాదకరంగా పడిపోయిందని కంప్యూటర్ నమ్ముతున్నట్టు, కనుక అప్పటికప్పుడు ఇంజన్ ఆపి, ఆయిల్ మట్టం చూసి, మామూలు ముల్లు గేజీ బిగించి ప్రెషర్ కొలవవలసిందే. 100-3 అలాంటిది కాదు. సిగ్నల్ తీగ మీద ఉండకూడనంత ఎక్కువ వోల్టేజీ ఉన్నదని మాత్రమే దాని అర్థం. అదే లోపాన్ని కమ్మిన్స్ ఇంజన్లు 135 అనీ, కొమాట్సు మానిటర్ సీఏ135 అనీ చూపిస్తాయి.

ఆ సెన్సర్‌కు మూడు తీగలు ఉంటాయి. ఒకటి 5 వోల్టులు తెస్తుంది, ఒకటి రిటర్న్, అంటే కరెంటు తిరిగి వెళ్లే తీగ, మూడోది సిగ్నల్. అంతా బాగున్నప్పుడు సిగ్నల్ సుమారు 0.5 నుంచి 4.5 వోల్టుల మధ్య తిరుగుతుంది. ఇలాంటి సర్క్యూట్లలో సిగ్నల్ తీగను ఈసీఎమ్ (ఇంజన్ కంప్యూటర్) లోపలి నుంచి ఒక రెసిస్టర్ 5 వోల్టుల వైపు లాగి ఉంచుతుంది కాబట్టి, సిగ్నల్ గానీ రిటర్న్ గానీ తెగితే వోల్టేజీ పైకి పోయి కోడు చివర 3 వస్తుంది, సిగ్నల్ ఎక్కడైనా ఎర్త్‌కు తగిలితే 4 వస్తుంది. లోపలి ఏర్పాటు వేరుగా ఉన్న సర్క్యూట్లు కూడా ఉన్నాయి గనుక, ఆ మెషిన్ వైరింగ్ బొమ్మ చూడకుండా ఈ లెక్కను అన్నిటికీ వర్తింపజేయకూడదు.

క్వారీకి చేరాక సెన్సర్ కనెక్టర్ ఊడదీసి, హార్నెస్ (తీగల కట్ట) వైపు సిగ్నల్, రిటర్న్ పిన్నులను ఒక చిన్న తీగతో కలిపాను. తాళం ఆన్ చేయగానే కోడు 3 నుంచి 4కి మారింది, అంటే ఆ క్షణానికి తీగలూ ఈసీఎమూ రెండూ బాగానే ఉన్నాయి. ఇక్కడే ఇంతకుముందు వచ్చిన మెకానిక్ ఆగిపోయి, వైరింగ్ సరిగ్గా ఉందని తేల్చి సెన్సర్ మార్చి ఉంటాడు. అయితే ఆయన కొలిచింది నిలబడి ఉన్న మెషిన్‌ను. కోడు వస్తున్నది బ్రేకర్ దెబ్బకు ఒళ్లంతా అదిరే మెషిన్‌లో. అందువల్ల కలిపిన తీగ అలాగే ఉంచి, ఆపరేటర్‌ను క్యాబిన్‌లో మానిటర్ చూస్తూ ఉండమని, హార్నెస్‌ను జానెడు జానెడు చొప్పున వంచుతూ వెనక్కి వెళ్లాను. ఇంజన్ మౌంటు పక్క క్లాంపు దగ్గరకు రాగానే “మూడు వచ్చీసింది అన్నయ్యా!” అని కేక వేశాడు. చేయి వదిలితే నాలుగు, వంచితే మూడు.

పైతొడుగు కోసి చూస్తే రిటర్న్ తీగ ఒకచోట కొంచెం ఉబ్బి ఉంది. దాని మీద సూది మొనంత రంధ్రం. ఇన్సులేషన్ చీల్చగానే మెరిసే రాగి స్థానంలో పచ్చటి పొడి రాలింది. పోగులన్నీ తెగి, కొసలు ఒకదానికొకటి ఆనుకుని మాత్రమే ఉన్నాయి. ఎప్పుడో ఎవరో మీటరు సూదిని ఇన్సులేషన్‌లోకి గుచ్చి కొలిచారు, ఆ రంధ్రం గుండా తేమ దిగింది, మిగిలిన పని అదురు చేసింది. తీగను గుచ్చి కొలవడం నాకు నిజంగా బాధ కలిగించే అలవాటు. కనెక్టర్ వెనుక నుంచి సన్నటి పిన్ను జాగ్రత్తగా దింపి కొలిస్తే ఏ తీగకూ గాయం కాదు. రెండు వైపులా శుభ్రమైన రాగి కనిపించే వరకు కత్తిరించి, కొత్త ముక్క వేసి క్రింప్ చేసి (లోహపు గొట్టంలో పెట్టి నొక్కి), లోపల జిగురు ఉన్న హీట్ ష్రింక్ గొట్టం బిగించాను. అదిరే చోట టంకం వేస్తే దాని అంచున తీగ పెళుసై మళ్లీ తెగుతుంది.

ఒకేసారి ఐదారు కోడులు వచ్చినప్పుడు వాటిని ఒక్కొక్కటిగా వెంటాడకూడదు. ఒకే 5 వోల్టుల సరఫరాను కొన్ని సెన్సర్లు పంచుకుంటాయి కాబట్టి, ఒక్కటి లోపల షార్ట్ అయితే మిగిలినవన్నీ దోషులుగా కనిపిస్తాయి; ఒక్కొక్క సెన్సర్ ఊడదీస్తూ పోతే ఎక్కడ 5 వోల్టులు తిరిగి వస్తాయో అదే అసలు దోషి. మూలపేట వైపు సముద్రపు గాలిలో పని చేసిన ఒక మెషిన్‌లో కంప్యూటర్ల మధ్య మాటే తెగిపోయింది. బ్యాటరీ స్విచ్ ఆపి ఆ కంప్యూటర్లను కలిపే క్యాన్ తీగల మధ్య కొలిస్తే 60 ఓములు ఉండవలసిన చోట 120 చూపించింది, అంటే లైను రెండు చివరల ఉండే 120 ఓముల రెసిస్టర్లలో ఒకటి సర్క్యూట్‌లో లేదన్నమాట. దాని కనెక్టర్ నిండా ఉప్పు పేరుకుని ఉంది.

క్వారీల్లో బకెట్ పళ్లకు వెల్డింగ్ తరచూ జరుగుతుంది. అప్పుడు బ్యాటరీ ఐసొలేటర్ (బ్యాటరీ స్విచ్) ఆపి, ఈసీఎమ్ కనెక్టర్లు తీసి, వెల్డింగ్ ఎర్త్‌ను వెల్డు చేసే చోటికి దగ్గరగా బిగించమని హెల్పర్లకు వెళ్లిన ప్రతి చోటా చెబుతున్నాను. ఎర్త్ దూరంగా బిగిస్తే ఆ కరెంటు బేరింగుల గుండా, వైరింగ్ గుండా దారి వెతుక్కుంటుంది.

టెక్కలి నుంచి వచ్చేటప్పుడు తీసి పక్కన పడేసిన రెండు సెన్సర్లనూ వెంట తెచ్చాను. బెంచి మీద 5 వోల్టులు ఇచ్చి, కంప్రెసర్ గాలి పెట్టి, గేజీతో పోల్చి చూస్తే, రెండింటి సిగ్నలూ ప్రెషర్‌తో పాటు నిలకడగా పెరిగింది. వాటిని తుడిచి, సంచిలో పెట్టి, ఓనరుగారికి తిరిగి పంపించాను.