హుందర్‌లో ముళ్లలోంచి పిండిన మందు

సెప్టెంబరు చివర్లో లద్దాఖ్‌లోని నుబ్రా లోయకి వెళ్లేవాళ్లందరూ హుందర్ ఇసుక తిన్నెల కోసం, రెండు మూపురాల ఒంటెల కోసం వెళతారు. మేమూ అందుకే బయల్దేరాం, నేనూ అక్కా. లేహ్ నుంచి సుమారు 125 కిలోమీటర్లు. మధ్యలో ఖార్దుంగ్ లా కనుమ. అక్కడ అమ్మే టీషర్టుల మీద 18,380 అడుగులని ఉంటుంది. అసలు ఎత్తు 17,582 అడుగులేనట. తలనొప్పితో సీట్లో వాలిపోయిన అక్కకి ఈ సంగతి చెబితే, "ఎన్నయితే ఏంటి, ముందు కిందికి పోనివ్వమను" అంది.

దిగుతుంటే డ్రైవర్ ష్యోక్ నది ఒడ్డు చూపించాడు. బూడిదరంగు ఇసుక, బూడిదరంగు కొండలు, వాటి మధ్య నీళ్ల పక్కన మసక వెండి రంగు పొదలు. పొదల నిండా నారింజ రంగు. పూలనుకున్నాం. దగ్గరికెళితే పళ్లు. శనగగింజంత ఉంటాయి, కొమ్మ కనిపించనంత ఒత్తుగా అతుక్కుని ఉంటాయి. సీబక్‌థార్న్ అంటారే, అదే. అక్కడివాళ్లు త్సెస్తలులు అంటారు. లేహ్ బజార్లో దీని జ్యూస్ బాటిళ్లు చూశాం గానీ చెట్టు ఇలా ఉంటుందని తెలీదు.

హోమ్‌స్టే ఆవిడకి అరవై దాటి ఉంటాయి. లద్దాఖీలో అమ్మని మర్యాదగా పిలిచినట్టు మేం ఆమెని అమాలే అన్నాం, ఆవిడ మమ్మల్ని నోమో అంది, అంటే చెల్లి. మాటలన్నీ ఇరువైపులా ఓ మాదిరి హిందీలోనే. మర్నాడు పొద్దున్నే ఆవిడ పాత టార్పాలిన్, ఓ కర్ర, మోచేతుల దాకా వచ్చే తోలు గ్లవ్స్ తీసుకుని పొలంగట్టుకి బయల్దేరింది. ఒంటెల సంగతి సాయంత్రం చూసుకుందాంలే అని మేమూ వెనకే నడిచాం.

ఈ పండు కోయడం ఎంత కష్టమో చూస్తేగానీ నమ్మలేం. ముళ్లు ఒక్కొక్కటీ అంగుళం పైనే, గుండుసూదంత పదును. పండుకి తొడిమ ఉందా లేదా అన్నట్టుంటుంది, తోలు మరీ పల్చన. అక్క ఒకటి వేళ్లతో లాగింది. పండు రాలేదు, చితికి రసం మణికట్టు దాకా కారింది. అమాలే నవ్వి, పొద కింద టార్పాలిన్ పరిచి, కొమ్మని కర్రతో చిన్నగా తట్టడం మొదలుపెట్టింది. గట్టిగా కొడితే కొమ్మ విరుగుతుంది, మరుసటేడు కాపు పోతుంది. రాలినవాటిలో సగం ఆకులు, పుల్లలు. కొందరు కొమ్మలే నరుక్కుపోతున్నారని ఆవిడ విసుక్కుంది. ఒకప్పుడు వాళ్లకి ఇది కంచెకి పనికొచ్చే ముళ్లకంప మాత్రమేనట. గోడల మీద పేర్చేవారు, మేకలు లోపలికి రాకుండా. ఇప్పటికీ ఊళ్లో చాలా గోడల మీద ఆ కంప కనిపిస్తుంది. నేలకి కూడా ఇది మేలే చేస్తుంది. దీని వేళ్లలో ఉండే సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి మట్టికిస్తాయి. అందుకే ఉత్త ఇసుకలోనూ బతుకుతుంది, ఏటిగట్టు కోసుకుపోకుండా కాస్తుంది.

రెండు గంటలు తట్టితే ఒక చిన్న బకెట్ నిండింది. వంటింట్లో బేసిన్‌లో నీళ్లు పోసి పళ్లు వేస్తే ఆకులు పైకి తేలాయి. వాటిని తీసేసి, పళ్లని చెక్క గరిటెతో చిదిమి, పల్చటి బట్టలో మూటకట్టి పిండింది. చిక్కటి నారింజ రసం. చుక్క నాలిక మీద వేసుకుంటే చెవుల దాకా జిల్లుమంది, ఉసిరికాయ కొరికినా ఇంత పులుపుండదు. రాత్రంతా గిన్నె కదల్చకుండా ఉంచింది. తెల్లారేసరికి పైన ముదురు నారింజ రంగు మీగడ తేలింది. అది గుజ్జులో ఉండే నూనె. ఆవిడ దాన్ని చెంచాతో జాగ్రత్తగా తీసి చిన్న సీసాలో పోసింది. చలికాలం పగిలే పెదాలకి, మడమలకి, పొయ్యి దగ్గర కాలిన వేళ్లకి రాయడానికట. అక్క అప్పటికే చలిగాలికి చిట్లిన పెదాలకి రాసుకుంది. మంట తగ్గింది, కానీ మూతి చుట్టూ పసుపు మరక సాయంత్రం దాకా పోలేదు. అక్క ఫోటోలన్నీ మఫ్లర్‌తోనే దిగింది.

మిగిలిన రసంలో కొంత చక్కెర వేసి తాగడానికి. కొంత మాత్రం పొయ్యి మీద సన్నని సెగన పెట్టి, మధ్యాహ్నం దాకా కలుపుతూనే ఉంది. పులిహోరకి మరగబెట్టిన చింతపండు గుజ్జులా నల్లగా, గరిటెకి అంటుకునేదాకా. దాన్ని ఖండ అంటారు. కఫం పట్టిన దగ్గుకి కొంచెం తీసుకుని వేణ్నీళ్లలో కలిపి తాగుతారు. అమ్చీలు, అంటే సోవా రిగ్పా అనే టిబెట్ సంప్రదాయ వైద్యం చేసేవాళ్లు, దీన్ని వాళ్ల మందుల్లో వాడతారు. సోవా రిగ్పాకి మన ప్రభుత్వం 2010లో చట్టబద్ధమైన గుర్తింపు ఇచ్చింది. ఈ పండు మాత్రం ఆ వైద్యుల పుస్తకాల్లో శతాబ్దాలుగా ఉంది.

"ఇంతసేపు మరిగిస్తే విటమిన్ సి ఉంటుందా?" అని అడిగింది అక్క. న్యూట్రిషన్ చదివింది మరి. ఈ పండులో వంద గ్రాములకి కొన్ని వందల మిల్లీగ్రాముల విటమిన్ సి ఉంటుంది, మన ఉసిరిలాగే. మరిగిస్తే అందులో చాలా భాగం పోతుంది. అమాలేకి విటమిన్ గొడవ లేదు. "జ్యూస్ ఎండాకాలానికి, ఖండ దగ్గుకి. రెండూ ఒకటెలా అవుతాయి?" అంది. నాకా జవాబు నచ్చింది.

లేహ్ బజార్లో మాత్రం అన్నిటికీ ఒకటే సీసా. గుండె, షుగర్, కీళ్లు, జుట్టు, కళ్లు... లేబుల్ మీద లేని రోగం లేదు. ఈ రసాన్ని బాటిల్లోకి ఎక్కించింది లేహ్‌లోని రక్షణ పరిశోధన ప్రయోగశాల, డీఆర్‌డీఓ వాళ్లది. లద్దాఖ్ సీబక్‌థార్న్‌కి 2023లో జీఐ ట్యాగ్, అంటే ఫలానా ప్రాంతపు సరుకనే గుర్తింపు, కూడా వచ్చింది. దాంతో కోసేవాళ్లకి నాలుగు డబ్బులొస్తే మంచిదే. కానీ షుగర్ తగ్గిస్తుందని రాసున్న సీసా తిప్పి చూస్తే, పదార్థాల జాబితాలో చక్కెర రెండో స్థానంలో ఉంది. ఎవరికైనా కొనిపెట్టేముందు వెనక లేబుల్ చదవండి. నాన్నకి మేం అసలు తీసుకోలేదు. ఆయన రక్తం పల్చబడే మాత్రలు వేసుకుంటారు, వాటితో ఈ పండు పడకపోవచ్చని, డాక్టర్‌ని అడక్కుండా ఇవ్వకూడదని అక్క పట్టుబట్టింది.

బయల్దేరేటప్పుడు ఒక సీసా రసం ఇవ్వమని అడిగాం. అమాలే ఒప్పుకోలేదు. దారిలో ఢిల్లీ వేడికి పులిసి మూత ఎగిరిపోతుందంది. బదులుగా నీడలో ఆరబెట్టిన ఆకులు గుప్పెడు కాగితంలో కట్టిచ్చింది. మరిగిన నీళ్లలో చిటికెడు వేసి అయిదు నిమిషాలు మూత పెట్టాలి, పాలు కలపకూడదు. డబ్బులిస్తే పుచ్చుకోలేదు గానీ, మళ్లీ వచ్చేటప్పుడు హైదరాబాద్ నుంచి మంచి తోలు గ్లవ్స్ ఒక జత తెమ్మంది, సైజు కోసం అక్క చేతికి తన చెయ్యి ఆనించి చూపించింది.