రిపోర్టులో చివరి వరుస

రెండోసారి కూడా గర్భం నిలవలేదు. తొమ్మిదో వారంలో పోయింది. ఆ తర్వాత రాసిన రక్తపరీక్షల్లో టార్చ్ ప్యానెల్ అని, కడుపులో బిడ్డకు హాని చేయగల కొన్ని ఇన్ఫెక్షన్ల కోసం చూసేది ఒకటి ఉంది. మర్నాడు సాయంత్రం పప్పుకు తాలింపు పెడుతుండగా రిపోర్టు ఫోనుకు వచ్చింది. టాక్సోప్లాస్మా, రుబెల్లా, సైటోమెగలో వైరస్, చివరి వరుసలో హెర్పిస్. దాని ఎదురుగా ఐజీఎం (ఇన్ఫెక్షన్‌ను ఎదుర్కోవడానికి ఒళ్లు తయారుచేసే ఒక రకం యాంటీబాడీ) 1.3, పక్కనే ముదురు అక్షరాల్లో ‘పాజిటివ్’. తాలింపు మాడిపోయిన వాసన ముక్కుకు తగిలేదాకా నేను అక్కడినుంచి కదలలేదు.

అప్పటికి నాకు తెలిసిన హెర్పిస్ ఒక్కటే. మా నాయనమ్మకు నడుము చుట్టూ లేచిన అక్కి. దాన్ని హెర్పిస్ జోస్టర్ అంటారని, ఆటలమ్మ తెచ్చే వైరసే ఒంట్లో దాగి ఉండి మళ్లీ లేస్తుందని విన్నాను. కానీ ఫోనులో వెతికితే వచ్చిన మాట వేరు. సుఖవ్యాధి. అది చదివాక నా బుర్రలో రెండే దారులు మిగిలాయి. నేను తప్పు చేయలేదు కాబట్టి ఆయన చేసి ఉండాలి. లేదా ఆయన కూడా నా గురించి ఇలాగే ఆలోచిస్తూ ఉండాలి.

రిపోర్టు చూపించినప్పుడు ఆయన చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, “నేను ఎవరి దగ్గరికీ వెళ్లలేదు. నువ్వు నమ్ముతావా?” అన్నారు. నమ్ముతానని వెంటనే చెప్పలేకపోయాను. ఆ ఆలస్యం ఇద్దరికీ తెలిసింది.

పరీక్షలు రాసిన చోట మాకు దొరికింది ఐదు నిమిషాలే. “ఇన్ఫెక్షన్ ఉంది, ఇద్దరూ మాత్రలు వాడండి” అన్నారు. ఏ రకం, ఎలా వచ్చింది, గర్భం పోయింది దీనివల్లేనా అన్న ప్రశ్నలు నా గొంతులోనే ఉండిపోయాయి.

తర్వాతి నెలన్నర నేను మామూలు మనిషిని కాను. రోజుకు ఏడెనిమిదిసార్లు స్నానాలగదిలో గడియ పెట్టుకుని, ఫోను లైటు వేసి, అద్దంతో ఒళ్లంతా వెతుక్కునేదాన్ని. చెమటకాయ కనిపించినా గుండె ఝల్లుమనేది. నా తువ్వాలు, ఆయన తువ్వాలు వేరు చేసి వేన్నీళ్లలో ఉడకబెట్టేదాన్ని. అక్క కొడుకు ఏడాదిన్నర పిల్లాడు పరుగెత్తుకుని వస్తే, జలుబు చేసిందని అబద్ధం చెప్పి పక్కకు తప్పుకున్నాను. వాడు చేతులు చాపి అలాగే నిలబడిపోయాడు.

చివరికి ఆయనే గుంటూరులో ఒక చర్మవ్యాధుల నిపుణురాలి దగ్గరికి తీసుకెళ్లారు. బోర్డు మీద ‘చర్మ, సుఖవ్యాధులు’ అని పెద్దగా రాసి ఉంది. దాని కింద బెంచీ మీద కొంగు తలమీదికి లాక్కుని కూర్చున్నాను. ఇప్పుడు తలుచుకుంటే, ఆ బెంచీ మీద నాతో పాటు ఎంతమంది అలా కుంచించుకుని కూర్చున్నారో అనిపిస్తుంది.

డాక్టరు గారు రిపోర్టు పక్కన పెట్టి మొదట ఒక ప్రశ్న అడిగారు. “చిన్నప్పుడు జ్వరం వస్తే మూతి పేలేదా అమ్మా?”

పేలేది. పదో తరగతి పరీక్షల ముందు కూడా పేలింది. మా అమ్మ వెన్న రాసేది.

“అదే ఇది” అన్నారు ఆవిడ. హెర్పిస్ సింప్లెక్స్‌లో రెండు రకాలు. మొదటి రకం ఎక్కువగా నోటి దగ్గర వస్తుంది, చిన్నతనంలో పెద్దవాళ్ల ముద్దులతో, ఉమ్మితో అంటుకుంటుంది. రెండో రకం ప్రధానంగా లైంగిక సంబంధంతో వస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 50 ఏళ్ల లోపు వాళ్లలో దాదాపు 380 కోట్ల మందికి, అంటే ప్రతి ముగ్గురిలో ఇద్దరికి మొదటి రకం ఉంది. ఐజీఎం పరీక్ష ఈ రెండు రకాలను నమ్మకంగా విడదీయలేదు. కొత్తగా సోకిందా, పాతది మళ్లీ లేచిందా అన్నదీ తేల్చలేదు. ఒక్కోసారి ఏమీ లేకుండానే పాజిటివ్ చూపిస్తుంది. పొక్కు ఉన్నప్పుడు దాని మీదనుంచి నమూనా తీసి చేసే పీసీఆర్ పరీక్షే నమ్మదగ్గది. పొక్కులు లేని నాకు రకాన్ని బట్టి చూసే ఐజీజీ అనే మరో యాంటీబాడీ పరీక్ష రాశారు. మొదటి రకం ఉంది, రెండో రకం లేదు అని వచ్చింది.

నేను అసలు అడగాల్సినది అప్పుడు అడిగాను. నా బిడ్డలు దీనివల్లే పోయారా? ఆవిడ కుర్చీ దగ్గరికి జరుపుకున్నారు. మొదటి మూడు నెలల్లో పోయే గర్భాల్లో సగానికి సగం పిండంలోని క్రోమోజోముల లోపం వల్లే పోతాయని, పాత హెర్పిస్‌ను వరుస గర్భస్రావాలకు కారణంగా చూడరని, అందుకోసం టార్చ్ పరీక్ష చేయించడమే అనవసరమని చెప్పారు. నేను బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చాను. ఆయన నా వీపు మీద చెయ్యి వేశారు.

మిగతావి ఆయనే అడిగారు. తువ్వాళ్లు, మరుగుదొడ్డి వల్ల అంటుకోదట, ఒంటి బయట ఈ వైరస్ ఎక్కువసేపు బతకదు. చర్మానికి చర్మం తగలాలి. పొక్కులు ఉన్నప్పుడు ప్రమాదం ఎక్కువ, లేనప్పుడు తక్కువే కానీ పూర్తిగా లేకపోలేదు. కండోము ముప్పును తగ్గిస్తుంది, అది కప్పని చోటు ఉంటుంది కాబట్టి పూర్తిగా ఆపలేదు. పెదవి మీద పొక్కు ఉన్న రోజుల్లో ముద్దులు, నోటితో చేసేవి మానుకోవాలి. ఆ దారిన మొదటి రకం కూడా కిందికి సోకుతుంది. గర్భిణికి అసలు భయం పాత ఇన్ఫెక్షన్ కాదు, చివరి నెలల్లో కొత్తగా సోకడం. అప్పుడు కాన్పులో బిడ్డకు అంటుకునే ప్రమాదం నూటికి 30 నుంచి 50 దాకా ఉంటుంది, పాతదైతే నూటికి ఒకటి కన్నా తక్కువ. ఈ రెండు అంకెలను ఆయన ఆస్పత్రి చీటీ వెనక రాసుకున్నారు.

విషయం తెలిసినా వెతుక్కునే అలవాటు పోలేదు. ఇలా అవుతుందని నాకు ఎవరూ ముందుగా చెప్పలేదు, అందుకే చెబుతున్నాను. ఒక రాత్రి 14416కి, ప్రభుత్వం వారి టెలీ మానస్‌కు ఫోను చేశాను. తెలుగులోనే మాట్లాడారు, పేరు కోసం పట్టుబట్టలేదు. వెతకాలనిపించినప్పుడు మానేయమని కాదు, పది నిమిషాలు వాయిదా వేయమన్నారు. మొదటి రోజు ఆ పది నిమిషాలూ గడియారం ముందే నిలబడ్డాను. తర్వాత అరగంట అయింది. ఎనిమిదిసార్లు మూడయ్యాయి, మూడు ఒకటయ్యాయి. ఆ అద్దం ఇప్పుడు బొట్టు పెట్టుకోవడానికి మాత్రమే తీస్తాను. డబ్బుకో, పరువుకో జంకేవాళ్లు ప్రభుత్వ ఆస్పత్రుల్లో సురక్ష క్లినిక్ ఎక్కడో అడగండి. ఇలాంటి జబ్బులకు సలహా, వైద్యం అక్కడ ఉచితం, వివరాలు బయటికి పోవు.

మొన్న మా ఆడపడుచు కూతురి బారసాల. దానికి రెండు రోజుల ముందే ఆయనకు కింది పెదవి మీద పొక్కు లేచింది. ఉయ్యాల దగ్గర ఆయన రెండడుగులు వెనక్కి నిలబడ్డారు. “మేనమామవి, ఎత్తుకోవేమిరా?” అని పెద్దత్తగారు గదమాయించారు. “మూతి పేలింది పెద్దమ్మా. ఇది పసిపిల్లలకు అంటుకుంటే ప్రాణం మీదికి వస్తుంది” అన్నారు ఆయన, అందరూ వినేలా. పెద్దత్తగారు తన పెదవి తడుముకుని చూసుకున్నారు.

నేను చేతులు కడుక్కుని వచ్చి పాపను ఎత్తుకున్నాను.