సవాయ్ కంపెనీ: కోరస్ నిలబెట్టిన ఆపెరా సమాజం

అమెరికాలోని ఫిలడెల్ఫియాలో 1901లో పుట్టిన సవాయ్ కంపెనీ ఆడేది 19వ శతాబ్దపు ఇంగ్లీషు జంట గిల్బర్ట్ (మాటలు), సలివన్ (సంగీతం) రాసిన కామిక్ ఆపెరాలే, అంటే పాటలతో నడిచే హాస్యనాటకాలే. వేషాలు వేసేవాళ్లు ఔత్సాహికులు, బతుకుదెరువుకి వేరే పనులున్నవాళ్లు. సమాజం పెట్టిన ఆల్ఫ్రెడ్ రెజినాల్డ్ అలెన్ నరాల వైద్యుడు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆయన పోయారు. పెట్టినాయన పోతే నాటక సమాజం మూతపడటం మామూలే. ఇది మూతపడలేదు. అందుకు కారణం ఆ ఆపెరాల అల్లికలోనే ఉందని నా నమ్మకం.

మన పద్యనాటకాన్ని ఇద్దరు ముగ్గురు గాయకులు మోస్తారు. ఇక్కడ బరువు కోరస్ మీద, అంటే గుంపుగా పాడేవాళ్ల మీద. వాళ్ల ఆపెరాల్లో పినఫోర్‌లో నావికులు, అయొలాంథీలో ప్రభువులు, పేషెన్స్‌లో విరహంతో వేగిపోయే 20 మంది కన్యలు... గుంపే ఒక పాత్ర. ఒంటరిగా పాడలేని గొంతుకి కూడా తెర దిగేదాకా పని ఉంటుంది. పని ఉన్నచోటికే మనుషులు మళ్లీ వస్తారు.

హక్కుల గొడవ లేకపోవడం కూడా అమెరికన్లకి కలిసొచ్చింది. ఇంగ్లండులో 1961 చివరిదాకా ఈ ఆపెరాల హక్కులున్న డాయ్లీ కార్ట్ కంపెనీ అనుమతి లేనిదే ఔత్సాహికులు వీటిని ఆడలేకపోయారు. అమెరికా 1891 దాకా విదేశీ రచనలకి కాపీరైట్ ఇవ్వలేదు. అందుకే 1878 నాటి పినఫోర్‌ని అక్కడ ఎవరు పడితే వాళ్లు ఆడేశారు. అలా మళ్లీ జరగకూడదని తర్వాతి ఆపెరా పైరేట్స్ ఆఫ్ పెంజాన్స్‌ని 1879 డిసెంబరు 31న న్యూయార్క్‌లోనే తెరెత్తారు. బ్రిటిష్ హక్కు కోసం ముందురోజు పెయిన్టన్ ఊళ్లో హడావిడిగా ఒక ఆట వేశారు. నటులు పినఫోర్ దుస్తుల్లోనే తలకి రుమాళ్లు చుట్టుకుని సముద్రపు దొంగలయ్యారు, కాగితాలు చేతపట్టుకునే పాడారు.

కొత్త సమాజం ట్రయల్ బై జ్యూరీ (1875)తో మొదలుపెట్టడం మేలు. సుమారు 40 నిమిషాలు, విడి సంభాషణలు లేవు, అంతా పాటే, సెట్టు ఒక్క కోర్టు గది. తర్వాత పినఫోర్. రెండంకాలకీ ఒకటే ఓడ డెక్కు కాబట్టి వడ్రంగి ఖర్చు సగం తగ్గుతుంది. వాళ్లదే ఇంకో ఆపెరా గాండొలియర్స్‌కి వెనిస్ ఒకటి, రాజమందిరం ఒకటి కట్టాలి, తొందరపడొద్దు.

రిహార్సల్‌లో మొదటి అంకం ఫినాలేని, అంటే ముగింపు ఘట్టాన్ని, ముందు పట్టాలి. ఆగకుండా సాగే ఆ పాటల వరసలో అడుగులు, గొంతులు రెండూ కంఠతా రావాలి, చివరికి వదిలేస్తే అక్కడే బోల్తా పడతారు. పైరేట్స్ రెండో అంకంలో పోలీసులు ఒక బాణీ, అమ్మాయిలు ఇంకో బాణీ ఒకేసారి పాడతారు. విడివిడిగా గట్టిపడ్డాకే కలపాలి, లేకపోతే బలహీనమైన పక్క ఎదుటివాళ్ల బాణీలోకి జారిపోతుంది. గడగడా పలికే ప్యాటర్ పాటని ముందు రాగం లేకుండా లయకి మాటల్లా చెప్పించాలి. వేగాన్ని మాటలు బాగా ఇరుక్కున్న చరణం చూసి నిర్ణయించాలి. మొదటి చరణం హుషారులో ఎత్తుకుంటే మూడో చరణానికి హల్లులు మింగేస్తారు. మాట వినపడకపోతే గిల్బర్ట్ హాస్యం అక్కడితో సరి.

సవాయ్ కంపెనీ ఫిలడెల్ఫియాలోని అకాడమీ ఆఫ్ మ్యూజిక్ హాల్లోనూ, లాంగ్‌వుడ్ గార్డెన్స్ ఆరుబయలు రంగస్థలంలోనూ ఆడుతూ వచ్చింది. లాంగ్‌వుడ్‌లో కత్తిరించిన చెట్ల వరసలే వింగ్స్ (రంగస్థలం పక్కల మరుగులు), ఫౌంటెన్ల నీళ్లే తెర. చూడముచ్చటగా ఉంటుంది గానీ పాడేవాళ్లకి పరీక్షే. పైకప్పు లేక గొంతు గాల్లో కలిసిపోతుంది, చెమ్మకి వయొలిన్ల శ్రుతి తప్పుతుంది. పైనుంచి వేలాడదీసే తెరలు అక్కడ పనికిరావు. రెండుచోట్లా ఆడే సమాజం నేలమీద నిలబడే సెట్టే చేయించుకోవాలి.

పినఫోర్ నాటి ఆర్కెస్ట్రాలో తీగవాద్యాలు కాక 2 ఫ్లూట్లు, 1 ఓబో, 2 క్లారినెట్లు, 1 బసూన్, 2 హార్న్‌లు, 2 కార్నెట్లు, 2 ట్రాంబోన్లు, డ్రమ్ములు ఉంటాయి. మనుషులు తక్కువైతే ఓబో పాటని క్లారినెట్‌కి ఇవ్వొచ్చు. టెనార్ గొంతులకి, అంటే పై స్థాయి మగ గొంతులకి, మాత్రం ప్రత్యామ్నాయం లేదు. పైరేట్స్‌లో మగ కోరస్ దొంగలుగా, పోలీసులుగా చీలుతుంది. పోలీసులకి బాస్‌లు (కింది స్థాయి మగ గొంతులు) సరిపోతారు, దొంగల పక్క టెనార్లు పలచబడితే పై స్వరం వినిపించదు. ఆపెరా ఏదో తేల్చే ముందు టెనార్ల లెక్క తీసుకోవాలి.