దద్దుర్ల కంటే ముందు ఊపిరిని చూడాలి

శనక్కాయ పంటనే నమ్ముకున్న అనంతపురం జిల్లాలో పుట్టిన పిల్లకు శనక్కాయే పడదంటే మొదట మా ఇంట్లో ఎవరూ నమ్మలేదు. పాపకు నాలుగేళ్లు నిండిన కొత్తలో, శనక్కాయలతో నూరిన ఊరుబిండితో రెండు ముద్దల సంగటి తిన్న పది నిమిషాలకే పెదవులు ఉబ్బి, మెడ మీద దద్దుర్లు లేచాయి. వెంటనే వాంతి అయింది, గొంతు బొంగురుపోయి పొడిదగ్గు మొదలైంది. "వేడి చేసింటుంది, మజ్జిగ తాగించమ్మా" అన్నారు మా అత్తగారు. నేను ఇంట్లో ఉన్న సెట్రిజిన్ అనే అలర్జీ సిరప్ పట్టించి, దద్దుర్లు తగ్గుతాయేమోనని అరగంట ఎదురుచూశాను. ఆ అరగంట మరే తల్లీ పోగొట్టుకోకూడదని ఇది రాస్తున్నాను.

సిరప్‌తో దద్దుర్లు నిజంగానే కొంత తగ్గాయి, నేను మోసపోయింది కూడా అక్కడే. అలర్జీ మాత్రలు, సిరప్‌లు దురదను తగ్గిస్తాయే గానీ, మూసుకుపోతున్న శ్వాసనాళాన్ని తెరవలేవు, పడిపోతున్న రక్తపోటును నిలబెట్టలేవు. ఆ రెండు పనులూ చేసే మందు అడ్రినలిన్ ఒక్కటే. వైద్యులు అనాఫిలాక్సిస్ అని పిలిచే ఈ తీవ్రమైన అలర్జీ స్థితిలో చర్మం మీద ఏమీ కనిపించకపోవచ్చు కూడా. తిన్న కొద్ది నిమిషాల నుంచి రెండు గంటల లోపల పిల్లికూతలు, ఆగని దగ్గు, గొంతు మారడం, నాలుక వాపు, పదేపదే వాంతులు, ముఖం పాలిపోయి సోలిపోవడం వంటివి కనిపిస్తే 108కి ఫోన్ చేయాలి. పిల్లను వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు ఎత్తుగా ఉంచాలి. ఆయాసపడుతుంటే కూర్చోబెట్టాలి, వాంతి అవుతుంటే పక్కకు తిప్పాలి. లేపి నడిపించడం మాత్రం ప్రమాదం.

మేము మొదట వెళ్లిన క్లినిక్‌లో ఏవిల్ అనే అలర్జీ మందు, స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఇచ్చి, కాసేపు చూద్దామన్నారు. పాప ఎగశ్వాస పీలుస్తుంటే పెద్దాసుపత్రికి పరుగెత్తాం. అక్కడి డాక్టరమ్మ ఒక్క ప్రశ్న అడిగి, తొడ బయటివైపు కండలోకి అడ్రినలిన్ ఇచ్చారు. కిలో బరువుకు 0.01 మిల్లీగ్రాము లెక్కన, 15 కిలోల మా పాపకు 0.15 మిల్లీగ్రాములు. కొద్ది నిమిషాల్లోనే పెదవులకు రంగు తిరిగి వచ్చింది. అయినా ఆ రాత్రి ఇంటికి పంపలేదు, ఎందుకంటే తగ్గిందనుకున్నది కొన్ని గంటల తర్వాత, మళ్లీ ఏమీ తినకపోయినా, తిరగబెట్టవచ్చు.

ఇప్పుడు ప్యాకెట్ వెనుక ఉండే అలర్జీ హెచ్చరికను చదవకుండా ఇంట్లోకి ఏదీ రాదు. లేబుల్ ఉండని తినుబండారాలే నాకు ఎక్కువ భయం: పెళ్లిలో వంకాయ కూర, చట్నీ, బడిలో ఇచ్చే చిక్కీ. టీచరమ్మకు డాక్టరు రాసిచ్చిన కాగితం ఇచ్చాను, ఏది ముందు చేయాలో దగ్గర కూర్చుని చెప్పాను. స్పెషలిస్టు దగ్గర అడ్రినలిన్ మోతాదు కొలవడం, తొడ కండలోకి ఇంజెక్షన్ ఇవ్వడం నేనూ, మా ఆయనా నేర్చుకున్నాం. వైద్యుల దగ్గర నేర్చుకోకుండా ఎవరూ దీనికి పూనుకోవద్దు. ఐదు నిమిషాల్లో గుణం కనిపించకపోతే రెండో మోతాదు అవసరం కావచ్చు, మా అత్తగారి ఊరేమో ఆసుపత్రికి చాలా దూరం. అందుకే పండుగకు వెళ్లేటప్పుడు సంచిలో రెండు అడ్రినలిన్ ఆంప్యూళ్లు (మందు నింపిన చిన్న గాజు గొట్టాలు) పెట్టుకుంటాను, అవి ఉన్నాయో లేదో బస్సు ఎక్కకముందు అత్తగారే ఫోన్ చేసి అడుగుతారు.