గ్యాస్ కాదంట

మా శ్రీకాకుళంలో ఛాతీలో ఏం జరిగినా గ్యాసే. గుండె దడ వచ్చినా గ్యాసే, చేతులు వణికినా గ్యాసే, ఊపిరాడట్లేదంటే "రాత్రి అన్ని బజ్జీలు ఎందుకు తిన్నావురా" అంటారు. నేనూ అదే అనుకుని దాదాపు పద్నాలుగు నెలలు పరగడుపునే పాంటాప్ 40 మింగుతూ బతికేశాను, పైన వాము నీళ్ళు, జీలకర్ర నీళ్ళు, మామ్మ చెప్పిన శొంఠి. ఇంత చేసినా ఆ గ్యాస్ తగ్గలేదు సరికదా రోజూ రాత్రి మూడింటికి అలారం పెట్టినట్టు లేపేది, లేచాక ఇంక తెల్లారేదాకా సీలింగ్ ఫ్యాన్ చూసుకోడమే.

నేను ప్రైవేట్ జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్తాను. క్లాసులో బానే ఉండేవాణ్ణి, అదే విచిత్రం. బోర్డు వైపు తిరిగినంతసేపూ పర్లేదు, స్టాఫ్ రూమ్‌లో కూర్చోగానే కుడిచేతి వేళ్ళు వాటంతటవే ఎడం మణికట్టు మీదకి పోయేవి, నాడి లెక్కపెట్టడానికి. తొంభై ఆరు, నూట నాలుగు, నూట పది... వాచీ అడ్డం వస్తోందని దాన్ని తీసి బీరువాలో పడేశాను. ఆదివారం చేపల పులుసు వండినా రుచి తెలీదు, ఎవరైనా ఫోన్ చేస్తే ఎత్తబుద్ధి కాదు, పాప హోంవర్క్ తెస్తే చిరాకు. ఇది డిప్రెషన్ అని అప్పుడు తెలీదు, బద్ధకం అనుకున్నాను, ఇంట్లో వాళ్ళూ అదే అనుకున్నారు.

ఓ రోజు వైజాగ్ వెళ్తున్నాను, నాన్‌స్టాప్ బస్సు, రణస్థలం దాటి పైడిభీమవరం వచ్చేలోపు చేతులు చల్లబడిపోయి, చెమటలు పట్టేసి, చచ్చిపోతున్నానని ఖాయంగా అనిపించింది. అనుమానం కాదండీ, ఖాయంగా. బస్సు ఆపించి దిగిపోయి హైవే పక్కన కల్వర్టు మీద కూర్చున్నాను, పక్కన కొబ్బరిబోండాల ఆవిడ నీళ్ళు పోసి "ఏటి బావూ, ఏటైనాది" అని నా అరచేతులు రుద్దింది. ఆమె పేరు కూడా అడగలేదు నేను. ఆ సాయంత్రమే ఈసీజీ, ఎకో, రక్తపరీక్షలు అన్నీ అయ్యాయి, అన్నీ నార్మల్. గుండె డాక్టర్ గారు కళ్ళజోడు తీసి "నీ గుండె నా గుండె కన్నా బాగుంది, నువ్వు వెళ్ళాల్సింది సైకియాట్రిస్ట్ దగ్గరికి" అన్నారు. నవ్వకండి, గుండెజబ్బే అయ్యుంటే బాగుండును అనిపించింది నాకు. గుండెజబ్బయితే చుట్టాలు ఆపిల్స్ పట్టుకుని చూడ్డానికి వస్తారు. మావైపు "నిన్ను వాల్తేరు పంపించాల్రా" అంటే అదో తిట్టు, చినవాల్తేరులో పిచ్చాసుపత్రి ఉంది కదా.

అందుకే డాక్టర్‌ని కూడా వైజాగ్‌లోనే వెతుక్కున్నాను, ఊళ్ళో అయితే ఎవరో ఒకరు చూస్తారని. రెండు గంటలు ప్రయాణం చేసి, మూతికి మాస్కు కట్టుకుని, వెయిటింగ్ హాల్లోకి అడుగు పెడితే ఎదురు కుర్చీలో మా వీధి చివర కిరాణా కొట్టు బాబాయ్! ఆయన గోడ మీద క్యాలెండర్ వైపు తిరిగిపోయాడు, నేను ఫోన్‌లోకి తల దూర్చేశాను. అరగంట అలాగే కూర్చున్నాం ఇద్దరం, మూడడుగుల దూరంలో.

డాక్టర్ గారు బోలెడు అడిగారు, నిద్ర, ఆకలి, చచ్చిపోవాలనిపిస్తుందా అని కూడా మామూలు గొంతుతో అడిగేశారు, నాకు ఆ ప్రశ్నకే ఏడుపొచ్చింది. థైరాయిడ్, బీ12 టెస్టులు కూడా రాశారు, అవి తేడాగా ఉన్నా ఇలాంటి లక్షణాలే వస్తాయంట. ఆందోళనకీ డిప్రెషన్‌కీ వాడే ఎస్సిటాలోప్రామ్ మాత్ర 5 మిల్లీగ్రాములు వారం, తర్వాత 10. రాత్రికి కంగారు తగ్గించి నిద్ర పట్టించే క్లోనజెపామ్ 0.25, అది మాత్రం రెండు వారాలే, తర్వాత ఆపేయాలి, అలవాటయ్యేది అదీ అని గట్టిగా చెప్పారు. ఎస్సిటాలోప్రామ్‌కి ఆ బెంగ లేదు కానీ మనంతట మనం ఠక్కున ఆపకూడదు. పని చెయ్యడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది, "మొదట్లో ఇంకాస్త ఎక్కువైనట్టు ఉంటుంది, కంగారుపడి మానేయకు" అన్నారు.

ఎక్కువైనట్టు ఉండడం ఏంటి, ఎక్కువే అయింది. మొదటి వారం పొద్దున్న టిఫిన్ తిని మాత్ర వేసుకుంటే మధ్యాహ్నం దాకా కడుపులో తిప్పుడు, నీళ్ళ విరేచనాలు, ఒళ్ళంతా చెమట. అన్నిటికన్నా ఆవలింతలు! నిద్ర రాదు కానీ ఆవలింతలు ఆగవు, ఇంటిగ్రేషన్ చెప్తూ మధ్యలో మూడుసార్లు ఆవలిస్తే వెనక బెంచీ వాడు "సార్‌కే బోర్ కొడతంది" అన్నాడు, క్లాసంతా గొల్లున నవ్వింది. కలలు ఎంత స్పష్టంగా వచ్చేవంటే చనిపోయిన నాన్నతో నాగావళి పాత వంతెన మీద నడిచి వచ్చినట్టు, చెప్పుల్లో ఇసుక గుచ్చుకున్నట్టు. ఐదో రాత్రి భయం తట్టుకోలేక రెండింటికి 14416కి ఫోన్ చేశాను, అది టెలీ మానస్ నంబరు, ప్రభుత్వానిదే, 2022లో మొదలైంది, డబ్బులేం అక్కర్లేదు. తెలుగులోనే మాట్లాడారు. పెద్దగా ఏం చెప్పలేదు, వారం గడవనివ్వండి, పొద్దున్న మీ డాక్టర్‌కి చెప్పండి అన్నారు, కానీ ఆ టైముకి అవతల ఓ మనిషి గొంతు ఉండడమే చాలనిపించింది. (మా పిల్లలెవరైనా ఇది చదువుతుంటే, పాతికేళ్ళ లోపు వాళ్ళకి మొదటి వారాల్లో చచ్చిపోవాలన్న ఆలోచనలు పెరిగే అవకాశం ఉందని ఈ మందులకి హెచ్చరిక ఉంటుంది, అందుకే ఇంట్లో ఒకరికైనా చెప్పి మొదలెట్టండి.)

నేనేమో మా ఆవిడకి తప్ప ఎవరికీ చెప్పలేదు. స్ట్రిప్పులు చోడిపిండి డబ్బా వెనకాల దాచాను, మూడో వారం అమ్మకి దొరికేశాయి. "నిద్రమాత్రలేటిరా ఇవి?" అంది. కాదని చెప్పాను, ఉన్నదంతా చెప్పాను. చాలాసేపు చేట్లో బియ్యం ఏరుతూ కూర్చుని "నానేటి తక్కువ సేశాన్రా నీకు" అంది. దానికి జవాబు ఇప్పటికీ నా దగ్గర లేదు. "నువ్వు పన్నెండేళ్ళ నుంచి థైరాయిడ్ మాత్ర వేసుకుంటన్నావు, అదీ ఇలాగే అమ్మా" అన్నాను, ఆమె నమ్మినట్టు తలూపింది కానీ ఏడు ఆదివారాలు అరసవల్లి సూర్యనారాయణమూర్తికి మొక్కేసుకుంది, నన్ను కూడా తిప్పింది. డాక్టర్ గారికి చెప్తే "మాత్ర వేసుకుని వెళ్ళు" అని నవ్వారు.

ఐదో వారంలో ఓ పొద్దున్న కాలేజీకి బయల్దేరుతూ బీరువాలో జేబురుమాలు వెతుకుతుంటే వాచీ కనబడింది, పెట్టుకుని వెళ్ళిపోయాను. సాయంత్రం మా ఆవిడ చూసి "వాచీ పెట్టుకున్నారేటి" అనేదాకా నేనే గమనించలేదు. సంతోషం పొంగిపోవడం లాంటిదేం కాదు, నాడి లెక్కపెట్టడం మర్చిపోయాను, అంతే.

అలాగని అంతా బానే ఉందని చెప్పను. పడగ్గది సంగతి దెబ్బతింది, ఈ మందుతో చాలామందికి అయ్యేదేనంట, సిగ్గుపడి రెండు విజిట్లు దాచి మూడోసారి డాక్టర్‌కి చెప్పాను, ముందే చెప్పుండాల్సింది. ఇంకోటి, సంక్రాంతికి పాలకొండలో అత్తారింట్లో ఉండగా భోగి ముందురోజు మాత్రలు అయిపోయాయి. అక్కడి మెడికల్ షాపు మా మావగారి స్నేహితుడిది, అడిగితే ఊరంతా తెలుస్తుందని ఊరుకున్నాను. కనుమ నాటికి తల తిప్పినప్పుడల్లా లోపల చిన్నగా కరెంటు కొట్టినట్టు జివ్వుమనేది, గారెల పళ్ళెం పట్టుకుని నడవలేకపోయాను. మా ఆవిడకి కోపం నషాళానికి అంటింది. "ఎవరో చూస్తారని మందు మానేస్తారేటండీ, వాళ్ళొచ్చి పట్టుకుంటారా మిమ్మల్ని" అని ప్రిస్క్రిప్షన్ లాక్కుని, పట్టుచీర మీదే వెళ్ళి, ఆ షాపులోనే తెచ్చేసింది. ఊరికేం తెలిసిందో నాకు తెలీదు, ఎవరూ ఏం అడగలేదు.

ఇప్పుడు ఎనిమిదో నెల. పూర్తిగా బాగయ్యాక కూడా కనీసం ఆరు నెలలు వాడి, అప్పుడు మెల్లగా తగ్గిద్దాం అన్నారు. మళ్ళీ వైజాగ్ నాన్‌స్టాప్ ఎక్కుతున్నాను, రణస్థలం దగ్గర ఇంకా కాస్త అరచేతులు చెమర్చుతాయి.

మొన్న కందిపప్పు కోసం బాబాయ్ కొట్టుకి వెళ్ళాను. ఆ హాల్లో చూసుకున్న దగ్గర్నుంచీ సరుకుల మాట తప్ప వేరే మాట లేదు మా మధ్య. పొట్లం కట్టి, దారం పుటుక్కున తెంపి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి అడిగాడు:

"నీది పదా, ఇరవయ్యా బావూ?"

"పది, బాబాయ్."

"నాది ఇరవై" అన్నాడు, ఓ బెల్లం ముక్క విరిచి నా చేతిలో పెట్టి.