నారింజకాయలు, చింతపిక్కలు

మా నాన్నకి పక్షవాతం వచ్చి పదకొండు నెలలైంది. కాలు తొందరగానే కోలుకుంది, మూడో నెలకల్లా కర్ర సాయంతో వీధి చివరిదాకా నడిచారు, కానీ కుడి చెయ్యి మాత్రం రాలేదు. అందరం అన్నం కలుపుకుని తింటుంటే ఆయన ఎడం చేత్తో స్పూన్ పట్టుకుని తల వంచుకుని తినేవారు. ఆరు నెలలు దాటింది కాబట్టి ఇక చెయ్యి రాదని ఒక డాక్టర్ ఆయన ముందే అనేశారు. ఆ మాట నేను మర్చిపోలేను.

తర్వాత వెళ్లిన చోట ఫిజియో వీఆర్ (వర్చువల్ రియాలిటీ, కళ్లకి పెట్టుకునే తెరలో కనిపించే బొమ్మల లోకం) మొదలుపెట్టింది. హెడ్‌సెట్ పెట్టుకుంటే ఎదురుగా నారింజ చెట్టు, చెయ్యి చాపి కాయ కోసి బుట్టలో వెయ్యాలి. మొదటి రోజు నాన్న మోచెయ్యి చాపకుండా ఒళ్లంతా ముందుకు వంచేస్తుంటే, ఆ అమ్మాయి ఆయన ఛాతీకి చెయ్యి అడ్డం పెట్టి "వంగకండి బాబాయ్, చెయ్యి మాత్రమే చాపండి" అని ఆపుతూనే ఉంది. ఇరవై నిమిషాలయ్యాక స్క్రీన్ మీద 86 కాయలని పడింది. మామూలుగా పదిసార్లు చేయగానే "ఇక చాలమ్మా" అనే మనిషి!

కిటుకంతా ఆ లెక్కలోనే ఉంది. మెదడులో దెబ్బతిన్న భాగం చేసే పనిని మిగతా భాగాలు అందుకోవాలంటే అదే కదలిక మళ్లీ మళ్లీ, వందలసార్లు జరగాలి. 2009లో అమెరికా, కెనడాల్లో పక్షవాతం రోగుల థెరపీ సెషన్లు దగ్గరుండి లెక్కపెడితే, చేత్తో నిజంగా ఏదైనా పనికొచ్చేలా చేసిన కదలికలు సెషన్‌కి సగటున 32 మాత్రమే వచ్చాయి.

అలాగని వీఆర్ ఒక్కటే మందు అనుకోకండి. 2016లో లాన్సెట్ న్యూరాలజీ అనే వైద్య పత్రికలో వచ్చిన ఎవరెస్ట్ అనే ట్రయల్‌లో 141 మంది పక్షవాతం రోగుల్లో కొందరి చేత నింటెండో వీ (Wii) అనే, చెయ్యి కదుపుతూ ఆడే వీడియో గేములు, మిగతావాళ్ల చేత పేకముక్కల్లాంటి మామూలు ఆటలు ఆడిస్తే రెండు వైపులా ఒకేలా మెరుగయ్యారు. వైద్య పరిశోధనలన్నీ కలిపి బేరీజు వేసే కోక్రేన్ సంస్థ 2017 సమీక్ష 72 ట్రయల్స్ చూసి చెప్పింది కూడా దాదాపు ఇదే: మామూలు థెరపీ బదులు వీఆర్ చేస్తే చేతికి పెద్ద తేడా ఉండదు, దానికి అదనంగా చేస్తే మాత్రం లాభం ఉండొచ్చు.

అది చదివిన రాత్రే అమ్మ అటక మీంచి అష్టాచమ్మా పలక దింపింది. వారానికి రెండు రోజులు వీఆర్, రోజూ సాయంత్రం ఇది. చింతపిక్కలు కుడి చేత్తోనే వెయ్యాలి, కాయ కుడి చేత్తోనే జరపాలి. పట్టుకోవడం కన్నా వదలడమే కష్టమని అప్పుడు తెలిసింది, గుప్పిట బిగుసుకుపోయి వేళ్లు తెరుచుకోవు. ఒక్కో పందేనికి నిమిషం పట్టేది, మేం ఎవరం సాయం చెయ్యకుండా కూర్చునేవాళ్లం, అమ్మకి అదే పెద్ద టెన్షన్.

మీ ఇంట్లోనూ ఇలాంటి పరిస్థితి ఉంటే ఒక్క మాట, పడిపోయిన చెయ్యి పట్టుకుని మనిషిని పైకి లాగకండి, భుజం పాడవుతుంది. హెడ్‌సెట్ పెడితే చేతుల కుర్చీలో కూర్చోబెట్టే ఆడించండి, కళ్లు తిరుగుతున్నాయంటే వెంటనే తీసెయ్యండి.

మొన్న ఆదివారం నాన్న పిక్కలు వేస్తే నాలుగూ ఒకేసారి చేతిలోంచి జారాయి, చమ్మా పడింది. "ఇంకోసారి నాదే" అంటూ మళ్లీ కుడి చెయ్యే చాపారు.